ఇంట్లో నలభై సంచులున్నా చేతిలో కవరే ఎందుకు?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేస్తున్నాను. ఇంట్లో మా వారు, పదో తరగతి చదివే అబ్బాయి, అత్తగారు, నేను, మొత్తం నలుగురం. గత నెలలో ఒక వారం పాటు మా ఇంటికి వచ్చిన ప్లాస్టిక్ కవర్లన్నీ ఒక మూల దాచి లెక్కపెట్టాను. 23 తేలాయి. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. రైతుబజారుకు వారానికి రెండుసార్లు, కిరాణా కొట్టుకు ఒకసారి వెళ్తాం. ఆదివారం చేపలో, కోడికూరో తెస్తాం. ఇంతేనా, ఇన్ని కవర్లా అనిపించింది.

పర్యావరణానికి మేలు చేసే గుడ్డ సంచులని ఫోనులో ఒక ప్రకటన చూశాను. ఆరు సంచులు 1,800 రూపాయలు. కొనబోతుంటే మా అబ్బాయి ఆపాడు. పత్తి సంచిని 20 వేల సార్లు వాడితే తప్ప ప్లాస్టిక్ కవరు కంటే మెరుగు కాదని ఒక దేశం వాళ్లు తేల్చారట. నాకు ఏమీ పాలుపోలేదు. మా అత్తగారు వచ్చిన ప్రతి కవరూ మడిచి పరుపు కింద దాస్తారు, చెత్తబుట్టకు అవే వేస్తారు. కవర్లు మానేద్దామంటే, "మనం ఒక్కళ్లం మానేస్తే పీకలవాగు శుభ్రపడుతుందా?" అంటారు. మా వారికి సంచి తీసుకెళ్లడం గుర్తుండదు, గుర్తున్నా పట్టుకెళ్లడానికి నామోషీ. అలాగని ఇంట్లో సంచులు లేవా అంటే, బట్టల దుకాణాల వాళ్లూ పెళ్లిళ్లలోనూ ఇచ్చినవి నలభై దాకా ఉన్నాయి. పైగా రెండు నెలల్లో మా ఆడపడుచు గృహప్రవేశం. తాంబూలం సంచుల పని నాకు అప్పగించారు. ఇప్పుడు నేను కొత్త సంచులు కొనాలా, వద్దా? చేపలకు, చెత్తబుట్టకు ఏమి చేయాలి?

సమాధానం: కొనకండి. ఆ 1,800 రూపాయలు మీ దగ్గరే ఉంచుకోండి. నలభై సంచులున్న ఇంటికి నలభై ఒకటో సంచి వస్తే దానికీ అదే గతి పడుతుంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో సంచులకు కొరత లేదు. సంచి ఇంట్లో ఉంటోంది, మనిషి బజారులో ఉంటున్నాడు. ఆ రెంటినీ కలపడమే మీ పని, అది కొనుగోలుతో అయ్యేది కాదు.

ముందు మీ అబ్బాయి సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ పిల్లవాడు అడిగినది మంచి ప్రశ్న. ఒక అంకె విన్న వెంటనే తల్లి చేస్తున్న పనిని ఆపి ఆలోచింపజేశాడంటే మెచ్చుకోవాలి. వాడు చెప్పిన అంకె కల్పితం కాదు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో అచ్చువేసిన నివేదికలోది. కవరు పుట్టినప్పటి నుంచి బూడిద అయ్యేవరకు నీరు, నేల, గాలి, వాతావరణం మీద దాని ప్రభావాన్ని పదిహేను రకాలుగా కొలిచి, వేరే సంచులను దానితో పోల్చారు. వాతావరణం వేడెక్కడం ఒక్కటే చూస్తే మామూలు పత్తి సంచిని 52 సార్లు వాడితే చాలు. పదిహేను కొలతల్లోనూ కవరుకు సమానం కావాలంటే 7,100 సార్లు. రసాయనాలు లేకుండా పండించిన పత్తి అయితే మొదటి లెక్కకు 149 సార్లు, రెండో లెక్కకు 20 వేల సార్లు. మీ అబ్బాయి విన్నది ఈ చివరి అంకె. ఓజోన్ పొర మీద పడే ప్రభావమనే ఒకే ఒక్క కొలత దాన్ని అంత పైకి తీసుకెళ్లింది.

లెక్కల టీచరు కనుక మీరే వేసి చూడండి. వారానికి మూడుసార్లు వాడితే 52 సార్లకు నాలుగు నెలలు పడుతుంది. 7,100కు 45 ఏళ్లు, 20 వేలకు 128 ఏళ్లు. అన్నేళ్లు బతికే సంచి లేదు. అందుకని కవరే మేలని ఒప్పుకోవాలా? అక్కరలేదు. ఆ నివేదిక డెన్మార్క్ కోసం రాసినది. అక్కడ ఇంటి చెత్త చాలావరకు కొలిమికి వెళ్లి, కాలి, కరెంటుగా మారుతుంది. కవరు రోడ్డు మీద, కాలువలో పడితే కలిగే నష్టం తమ దేశంలో స్వల్పమని భావించి, వాళ్లు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మనకు ఆ నష్టమే పెద్దది. గుంటూరులో వాన పడిన రోజు పీకలవాగు పక్కన నిలబడి చూసినవారు కవరుతో వచ్చే నష్టాన్ని సున్నా అని రాయగలరా? ఈ మాట మీ అబ్బాయితో చెప్పండి. అంకె ఎంత నిజమైనా, అందులో ఏమి కలిపారో, ఏమి వదిలేశారో చూసి తీరాలి. పదో తరగతిలో నేర్చుకోదగ్గ లెక్కే అది.

ఇంకొక సంగతి. ఆ నివేదిక పత్తి మీద మోపిన భారం మాత్రం నిజమైనదే. దాన్ని నమ్మడానికి గుంటూరు జిల్లావాళ్లకు డెన్మార్క్ వాళ్ల సాక్ష్యం అక్కరలేదు. పత్తి చేనుకు ఎంత నీరు కావాలో, ఎన్నిసార్లు మందు కొట్టాలో మన పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. 1987-88లో తెల్లదోమ ఈ ప్రాంతపు పత్తిని ఊడ్చేసినప్పుడు, అప్పులు తెచ్చి మందులు కొట్టిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. గుడ్డ అంటే ఊరికే వచ్చేది కాదు. అందుకే కొత్త గుడ్డ సంచిని "పర్యావరణ హితం" అని అమ్మడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. అది వాడకంతో హితమవుతుంది, కొనడంతో కాదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఇచ్చిన లెక్కలో, వాతావరణం దృష్ట్యా పత్తి సంచి పలుచని కవరుకు సమానం కావాలంటే 131 సార్లు వాడాలి. మీ వాడకంతో అది పది నెలల్లో తీరుతుంది. పది నెలలు ఆగే సంచి కుట్టడం ఏ కుట్టుపని తెలిసిన మనిషికైనా కష్టమా? అదే పాత చీరతోనో, పక్కదుప్పటితోనో కుడితే ఆ 131 కూడా అక్కరలేదు. ఆ పత్తి ఎప్పుడో పండింది, ఎప్పుడో నేసింది, దాని రుణం మీరు ఏళ్ల తరబడి కట్టుకుని తీర్చేశారు.

ఇక మీ అత్తగారి ప్రశ్న. "మనం ఒక్కళ్లం మానేస్తే" అని ఆవిడ అడిగినదానికి నిజాయితీగా జవాబు చెప్పాలి. శుభ్రపడదు. మీ వారానికి 23 లెక్కన ఏడాదికి 1,196 కవర్లు. అవన్నీ ఆగినా వాగులో తేడా కనిపించదు. నేను విజయవాడలో ఉంటాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర విడిపోయిన కృష్ణ నీళ్లు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువలుగా మా ఊరి మధ్య నుంచే పారుతాయి. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు వంతెన మీద నుంచి అడుగు వైపు చూస్తే, బురద ఏదో కవరు ఏదో తెలియదు. ఒక్క ఇల్లు చేసిన పని కాదది, ఒక్క ఇంటితో బాగుపడేదీ కాదు. తయారుచేసేవారు, అమ్మేవారు, చెత్త ఎత్తేవారు, అందరూ కదలాలి.

కవరు మీద లేని నింద కూడా వేయకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, కవర్లు అడ్డుపడటం వల్లనే అని అన్నవారిని విన్నాను. ఆ వరదకు కారణం కుండపోత వాన, బుడమేరుకు పడిన గండ్లు. కానీ నీళ్లు తీశాక మా బంధువుల ఇంటికి వెళ్తే కిటికీ చువ్వలకు, జామచెట్టు కొమ్మలకు, గేటుకు చుట్టుకుని ఎక్కడ చూసినా కవర్లే. ఇల్లు కడుక్కోవడానికి పట్టిన రోజుల్లో సగం వాటిని ఏరడానికే పట్టింది. మామూలు వానకు మురుగు కాలువ తూము మూసుకుని వీధిలో మోకాలి లోతు నిలవడానికి మాత్రం కవర్ల పాత్ర పెద్దదే. ఆ కారణంతోనే 2002లో బంగ్లాదేశ్ పలుచని కవర్లను నిషేధించింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అది. వరదల్లో మురుగు బయటికి పోకుండా కవర్లు అడ్డుపడిన అనుభవం వాళ్లచేత ఆ పని చేయించింది.

మీ అత్తగారికి నేను చెప్పగలిగినది ఒకటుంది. వాగు సంగతి పక్కన పెట్టినా, వీధి చివర ఆవు సంగతి మన చేతిలోనే ఉంది. కూర తొక్కలు, మిగిలిన అన్నం కవరులో పోసి ముడివేసి పారేస్తాం. ఆవుకు ముడి విప్పడం రాదు. అన్నం వాసనకు కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, బయటికీ రాదు, కడుపులో పేరుకుంటుంది. పశువైద్యులు ఆవుల కడుపు కోసి కిలోల కొద్దీ ప్లాస్టిక్ తీయడం మన దేశంలో కొత్త కాదు. ఆ ముడివేసిన కవరు ఫలానా ఇంటిది అని చెప్పగలం. మన ఇంటిది కాకుండా చూసుకోవచ్చు. పెద్దావిడ మనసుకు ఇది అంకెల కంటే దగ్గరగా చేరుతుందని నా నమ్మకం.

ఆవిడను తప్పుపట్టకండి. పరుపు కింద కవర్లు దాచే మనిషి దుబారా మనిషి కాదు, మీ ఇంట్లో అందరికంటే పొదుపరి. ఆవిడ పెరిగిన రోజుల్లో ఈ వస్తువు వింతగా తోచి ఉంటుంది. 1965లో స్వీడన్ ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ థులిన్ ఈ చేతి కవరుకు రూపం ఇచ్చాడు. పిడులతో సహా ఒకే ముక్క. చేతిలో బరువు తెలియదు, తడికి చెక్కుచెదరదు, తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది. అంత గట్టి వస్తువును ఒక్కసారి వాడి పారేయడానికి ఆవిడకు చేతులు రాలేదు. నిజానికి ఆవిడే సరిగా ఆలోచించారు. "పారేయకూడదు" అన్న ఆవిడ బుద్ధినే ఇంకొక అడుగు ముందుకు తీసుకెళ్లి "తెచ్చుకోకూడదు" అనే దగ్గరికి చేర్చాలి. ఆవిడకు పాఠం చెప్పినట్లు కాకుండా, ఆవిడ పొదుపుకు మీరు తోడు వచ్చినట్లు మాట్లాడండి.

ఇప్పుడు ఆ నలభై సంచులూ నేల మీద పరచండి. అబ్బాయిని కూడా కూర్చోబెట్టండి. మీరు గుడ్డ సంచులు అనుకుంటున్న వాటిలో చాలావరకు గుడ్డ కావు. బట్టల దుకాణాల వాళ్లు ఇచ్చే ఎర్రవి, పచ్చవి, గరగరలాడే సంచులను వెలుతురుకు పట్టి చూడండి. గుడ్డ అయితే పడుగూ పేకా కనబడతాయి, అంచున ఒక పోగు లాగితే వస్తుంది. వీటిలో పోగు ఉండదు. చిన్న చిన్న చుక్కలు అద్దినట్లు ఉంటాయి. అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను సన్నని పీచుగా చేసి, నేయకుండా వేడితో అతికించిన రేకు. కొన్నాళ్లు ఎండలో వదిలేస్తే పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి అంతా ప్లాస్టికే. ప్రభుత్వ నియమాల్లోనూ దీన్ని ప్లాస్టిక్ సంచి కిందనే లెక్కించారు. చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే పలుచగా ఉండకూడదని 2021లో నిర్ణయించారు.

అలాగని వాటిని పారేయకండి! చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. ప్లాస్టిక్ అని తెలియగానే అసహ్యం వేసి బయట పడేసి, శుభ్రంగా కొత్త నార సంచి కొనుక్కుంటారు. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ సంచిని చిరిగేదాకా వాడటం మంచి పని. బ్రిటన్ లెక్కలో దీనికి 11 సార్లు చాలు. ఎండలో వదలకుండా, తడి వస్తువులకు, మట్టి దుంపలకు వాడుకోండి. అసలైన గుడ్డవి, నారవి ఎన్ని తేలతాయో చూడండి. ఎనిమిది, పది ఉంటే మీ ఇంటికి మూడేళ్లకు సరిపోతాయి. గోనె, నార సంచులు ఉంటే ముందు వాటిని బయటికి తీయండి. మన గోంగూర జాతి మొక్క నుంచే గోగునార వస్తుంది. ఆ నార పత్తి అడిగినన్ని మందులు అడగదు, బరువుకు లొంగదు. తడిసినప్పుడు మాత్రం వెంటనే ఆరవేయాలి, లేకపోతే బూజు పడుతుంది.

పలుచని కవర్ల విషయంలో చట్టం ఏమంటుందో కూడా మీ వారికి చెప్పండి. 2016 నియమాల్లో 50 మైక్రాన్ల మందం చాలన్నారు. అది 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు అయింది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. కూరల బండి మీద చేతికి తగలగానే గాలికి ఎగిరే కవరు అందులో సగం కూడా ఉండదు. అంటే ఆ కవరు ఇవ్వడానికే వీల్లేదు. కానీ ఈ మాట పట్టుకుని బండివాడితో గొడవ పడకండి. జరిమానా పడితే ఆ రోజు సంపాదన పోయేది అతనికి, ఆ కవరు తయారుచేసిన వాడికి కాదు. ఆకుపచ్చ రంగు వేసి "మట్టిలో కలిసిపోతుంది" అని ఇచ్చే కవర్లను కూడా నమ్మి తెచ్చుకోకండి. నిజంగా కుళ్లే రకం కూడా ఎక్కువ వేడి నిలిచే కంపోస్టు కేంద్రాల్లోనే కుళ్లుతుంది. కాలువలో పడితే మామూలు కవరులాగే చాలాకాలం తేలుతుంది.

మీ వారి విషయానికి వస్తాను. అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీన్ని తేలికగా తీసేయలేను. ఆయనకు గుర్తుండదన్నారు. ఆయన బజారుకు వెళ్లాలని ఇంటి నుంచి బయలుదేరడం లేదు కదా. ఆఫీసు నుంచి వస్తూ, మీరు ఫోను చేస్తే మధ్యలో ఆగుతారు. ఇంట్లో తలుపు పక్కన సంచి తగిలించినా ఆయనకు ఉపయోగం లేదు. సంచి బండిలో ఉండాలి. డిక్కీలో రెండు సంచులు మడిచి పెట్టండి. సామాను దించిన వెంటనే సంచి మళ్లీ డిక్కీలోకి వెళ్లాలి. ఈ రెండో సగమే అందరూ మరిచిపోతారు. అందుకే మొదటి నెలా ఆ పని అబ్బాయికి అప్పగించండి. సంచి ఖాళీ చేసి, దులిపి, తండ్రి బండిలో పెట్టి రావడం వాడి పని. మీరు ఫోనులో "టమాటాలు తీసుకురండి" అనే బదులు "డిక్కీలో సంచి ఉంది, టమాటాలు తీసుకురండి" అనండి. మూడు వారాలు అలా అంటే చాలు.

నామోషీ సంగతి వేరు. అది నాకు తెలిసినదే, నేను చూసినదే. మా నాన్నగారు ప్రతి ఆదివారం వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్‌కు రెండు ఖాకీ సంచులతో వెళ్లేవారు. ఒకటి కూరలకు, ఒకటి పప్పులూ చింతపండుకు. నూనెకు సీసా. మిగిలినవన్నీ కొట్టులో కాగితం పొట్లాలు కట్టి పురికొస చుట్టి ఇచ్చేవారు, ఆ పురికొసను మా అమ్మ ఉండగా చుట్టి దాచేది. ఆ రోజుల్లో సంచి లేకుండా బజారుకు వెళ్లిన మనిషిని వింతగా చూసేవారు, చేతికి సంచి ఉన్న మనిషిని ఇంటి బాధ్యత ఉన్నవాడిగా చూసేవారు. ఇరవై, పాతికేళ్లలో ఆ చూపు తిరగబడింది. వట్టి చేతులతో వెళ్లి వేలికి నాలుగు కవర్లు తగిలించుకుని రావడం హోదా అయింది. ఆ కవరు పిడులు వేళ్లను కోసినా సరే! మీ వారికి ఇబ్బంది నిజమే, దాన్ని వెక్కిరించకండి. ఆయనకు ఇచ్చే సంచి పూల గుడ్డతోనో, దేవుడి బొమ్మతోనో, ఏదో నగల కొట్టు పేరుతోనో ఉండకూడదు. ముదురు రంగు, దళసరి గుడ్డ, మడిస్తే అరచేతిలో పట్టాలి. ఆయన పాత ప్యాంటు గుడ్డ ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

రైతుబజారులో చిన్న ఇబ్బంది వస్తుంది. రకానికొక కవరు ఇస్తారు కనుక కూరలు కలిసిపోవు, సంచిలో అన్నీ కలుస్తాయి. దుంపలు, ఉల్లిపాయలు, సొరకాయ ముందు కొనండి, అవి అడుగున. వంకాయలు, బెండకాయలు వాటి మీద. టమాటాలు, ఆకుకూరలు చివర. పచ్చిమిరపకాయలు, అల్లం, బీన్స్ లాంటి చిన్నవాటికి పాత నూలు చీరతో జానెడు తిత్తులు నాలుగు కుట్టుకోండి, మూతికి నాడా పెట్టండి. ఆ తిత్తుల్లోనే ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. కవరులో చెమర్చి కుళ్లే కొత్తిమీర, కొంచెం తడి గుడ్డలో చుడితే ఎక్కువ రోజులు ఆగుతుంది. కాటా దగ్గర ఒక్క మాట ముందే చెప్పాలి. "కవరు వద్దమ్మా, తట్టలోంచి నేరుగా సంచిలో పోయండి" అని తూకం వేయకముందే అనండి. కవరులో పోసిన తర్వాత వద్దంటే అతనికి రెండు పనులు, పైగా విసుగు. కవరు అతను డబ్బు పెట్టి కొనే వస్తువు. మీరు సంచి తెచ్చినందుకు అతను సంతోషిస్తాడే తప్ప నొచ్చుకోడు.

చేపలకు, కోడికూరకు గుడ్డ సంచి వద్దు. పచ్చి మాంసం నీరు గుడ్డలోకి ఇంకితే ఎంత ఉతికినా అదే సంచిలో కూరలు తేవడం ఆరోగ్యానికి మంచిది కాదు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, రెండు కిలోలు పట్టేది, దానికోసమే వేరుగా పెట్టండి. దుకాణంలో ముందు ఖాళీ డబ్బాను కాటాలో పెట్టించి, కాటాను సున్నాకు తెప్పించి, అప్పుడు అందులో వేయమనండి. చేప అయితే తూకం వేసి, కోసి, కడిగిన తర్వాత ముక్కలు నేరుగా డబ్బాలోకి. నల్ల కవరులో చుట్టి, మళ్లీ తెల్ల కవరులో పెట్టి ఇచ్చే పద్ధతి నీచు కారకుండా, నలుగురికీ కనబడకుండా ఉండటానికి వచ్చింది. డబ్బా రెండు పనులూ చేస్తుంది. ఇంటికి రాగానే వేడి నీళ్లతో తోమితే చాలు. ఇడ్లీ పిండికి, పెరుగుకు, హోటల్ సాంబారుకు కూడా ఇదే దారి, అయితే వాటికి వేరే డబ్బా.

చెత్తబుట్టకు కవరు అసలు ఎందుకు వేస్తున్నాం? బుట్ట కడగడానికి బద్ధకించి. తడి చెత్త బుట్టలో అడుగున రెండు మడతల పాత వార్తాపత్రిక వేయండి. ఉదయం చెత్త బండికి నేరుగా బోర్లించి, బుట్టను పంపు కింద కడిగి ఎండలో పెట్టండి. పొడి చెత్తకు కవరే అక్కరలేదు. మీరు ఎంత ప్రయత్నించినా బియ్యం, పిండి, బ్రెడ్డు సంచుల్లాంటివి ఇంటికి వస్తూనే ఉంటాయి. పారేసే ముందు తప్పనిసరి అవసరాలకు అవి చాలు. మీ అత్తగారి పరుపు కింద ఉన్న కవర్లు కూడా అలాగే నెమ్మదిగా అయిపోనివ్వండి. వాటిని ఎవరూ కాల్చకుండా మాత్రం చూడండి. చలికాలం తెల్లవారుజామున వీధుల్లో వేసే మంటల్లో కవర్లు పడేయడం చూస్తుంటాను, ఆ పొగ పీల్చేది పక్కన కూర్చుని చేతులు కాచుకునే వాళ్లే.

గృహప్రవేశం తాంబూలం సంచుల మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మీ నలభై సంచుల్లో వాడకుండా పడి ఉన్నవి ఎందుకు పడి ఉన్నాయో గమనించండి. వాటి మీద వేంకటేశ్వరస్వామి బొమ్మో, వినాయకుడి బొమ్మో, వధూవరుల పేర్లో ఉంటాయి. దేవుడి బొమ్మ ఉన్న సంచిలో కోడిగుడ్లు తేలేం, చెప్పులు పెట్టలేం, చిరిగితే చెత్తలో వేయలేం. ఎవరివో పేర్లున్న సంచి పట్టుకుని బజారుకు వెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు. అలా ఇచ్చినవాళ్ల ప్రేమ అంతా అటక మీద దుమ్ము పడుతోంది. అందువల్ల మీ ఆడపడుచుకు నచ్చజెప్పి, ఏ అచ్చూ లేని కోరా గుడ్డ సంచులు ఇవ్వండి. గృహప్రవేశం తేదీ, పేర్లు కావాలంటే లోపల పెట్టే కాగితం మీద రాయించండి. మంగళగిరి మీకు ఎంతో దూరం లేదు. చేనేత గుడ్డ అక్కడ తానుల్లో దొరుకుతుంది. పొదుపు సంఘాల్లో మిషను కుట్టే మహిళలకు ఈ పని అప్పగిస్తే, డబ్బు ఊళ్లోనే నాలుగు ఇళ్లకు చేరుతుంది. రెండు కొబ్బరికాయలు పట్టే చిన్న సంచి కాకుండా, కూరలకు పనికొచ్చే కొలతలో కుట్టించండి. ఖర్చు ఎక్కువనిపిస్తే జాకెట్టు ముక్క ఎలాగూ పెడతారు కదా, ఆ ముక్క మానేసి దాని బదులు సంచి ఇవ్వండి. ఎవరికీ సరిపోని జాకెట్టు ముక్కలు ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి తిరుగుతూనే ఉంటాయి. అది వద్దనుకుంటే వెదురు బుట్టల్లో అరిటాకు వేసి పంచడమూ ఉంది, కానీ అంతమందికి బుట్టలు దొరకడం కష్టం.

కొలత అడుగుతారు కనుక చెబుతున్నాను. వెడల్పు 14 అంగుళాలు, ఎత్తు 16 అంగుళాలు, అడుగు 4 అంగుళాలు ఉంటే ఐదారు కిలోలు హాయిగా పడతాయి. సంచులు చిరిగేది గుడ్డ దగ్గర కాదు, పిడి అతికిన చోట. పిడిని పై అంచుకే కుట్టి వదలకుండా, పొడవాటి పట్టీ తీసుకుని సంచి రెండు వైపులా అడుగు దాకా దించి కుట్టాలి. అప్పుడు బరువంతా పట్టీ మోస్తుంది. పట్టీ మడత పెట్టి రెండు అంగుళాల వెడల్పు ఉంచితే చేయి కోయదు. పై అంచు దగ్గర చతురస్రం గీసి, అందులో మూల నుంచి ఎదుటి మూలకు కుట్టు వేయించండి.

ఇంట్లో కుట్టుమిషను ఉంటే ఈ పని మీ అత్తగారిని అడగండి. లేకపోతే దర్జీ దగ్గరికి ఆవిడనే వెంట తీసుకెళ్లండి. ఏ గుడ్డ ఎన్నాళ్లు ఆగుతుందో ఆవిడకు తెలిసినట్లు మనకు తెలియదు. మొదటి సంచి మీ వారి ప్యాంటు గుడ్డతోనే మొదలుపెట్టండి, డిక్కీలో పట్టేలా కొలత ఒక అంగుళం తగ్గించి. రెండోది చేపల డబ్బాకు, డబ్బా నిలువుగా కూర్చునేలా అడుగు వెడల్పుగా. ఒక నెల గడిచాక మళ్లీ ఒక వారం కవర్లన్నీ మూల దాచి లెక్కపెట్టండి. 23 కాస్తా ఎనిమిదికి వస్తే ఆ ఎనిమిదీ ఎక్కడి నుంచి వచ్చాయో రాసి నాకు పంపండి. మిగిలినవాటి సంగతి అప్పుడు చూద్దాం.